నాది కాని ముచ్చట

నవంబర్ 4

యూనివర్సిటీ సార్ మళ్లీ ఫోన్ చేశాడు. శుక్రవారం రావాలట. "ఉపన్యాసం కాదు మేడం, పిల్లలతో కూర్చుని చాయ్ తాగుతూ మాట్లాడటమే. స్వచ్ఛంద సంస్థలు, పౌర సమాజం, సోషల్ ఎంటర్‌ప్రైజ్... మీ అనుభవం చెప్తే చాలు." ఆ మాటల్లో సగం నాకు కొత్త. ఏడుగురు ఆడవాళ్లం కలిసి వండి, బొగ్గు పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికులకు షిఫ్టు షిఫ్టుకీ అన్నం బాక్సులు పంపుతాం. దానికి ఇంత పెద్ద పేరుందని ఈరోజే తెలిసింది.

మాతో వండే కనకక్కను కూడా రమ్మన్నాను. పప్పు ఎనుపుతూ తల కూడా ఎత్తలేదు. "నాకు మాట్లాడరాదు. నువ్వే పోయి మన సంగతి చెప్పిరా."

నవంబర్ 6

చీర ఇస్త్రీ అయింది. కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకున్నాను, బాగాలేదని చింపేశాను. మా ఆదివారాల గురించి చెప్తే చాలేమో. వంట గిన్నెలు, గంజులన్నీ కడిగాక అందరం నేలమీద కూర్చుంటాం. ఫోన్లు ఖాళీ గంజులో వేసి మూత పెడతాం. ఎవరి కడుపులో ఉన్నది వాళ్లు చెప్పుకుంటాం. లేచాక ఆ మాట గడప దాటకూడదు. ఆ నియమం పెట్టింది నేనే.

నవంబర్ 7

పోయొచ్చాను! బస్సు బసంత్‌నగర్ దాటేదాకా దిగి వెనక్కి పోదామనే అనిపించింది. తీరా వెళ్తే స్టేజీ లేదు, మైకు లేదు. చాపలు పరిచి గుండ్రంగా కూర్చున్నారు పిల్లలు. అచ్చం మా ఆదివారంలాగే. భయమంతా పోయింది. ఫోన్లు మాత్రం అందరి చేతుల్లో ఉన్నాయి... చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు.

ముందు బాక్సుల గురించి, షిఫ్టుల గురించి చెప్పాను. మర్యాదగా విన్నారు, అంతే. ఒక అమ్మాయి అడిగింది— అసలు ఇది ఎలా మొదలైంది మేడం?

కనకక్క మొగుడు శంకర్ బావ పోయిన పొద్దు గురించి చెప్పాను. ఒళ్లు కాలిపోతోంది, ఇవ్వాళ నాగా పెడతానన్నాడు. నాగా పెడితే రేపు పనిలోకి రానివ్వరు, పొమ్మని కనకక్కే బాక్సు చేతికిచ్చి పంపింది. బొగ్గు యార్డులో లారీ వెనక్కి వస్తుంటే తప్పుకోలేకపోయాడు. బాక్సు మూత తీయకుండానే ఇంటికొచ్చింది. అన్నం ముట్టని మనిషి పోయాడన్న బాధతోనే ఆమె నలుగురికి వండటం మొదలుపెట్టింది...

ఒక్కరూ కదల్లేదు. చాయ్ గ్లాసులు ఎక్కడివక్కడే. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. నాకు బాగా అనిపించింది. ఎంత బాగా చెప్పానో అనుకున్నాను.

నవంబర్ 9, ఆదివారం

ఎలా జరిగిందని అందరూ అడిగారు. మంచిగా జరిగిందన్నాను. కనకక్క నా పక్కనే కూర్చుంది, నా గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసింది. నీ సంగతి చెప్పానక్కా అని అప్పుడే అనొచ్చు కదా... అనలేదు.

నవంబర్ 12

వీడియో. ఆ అమ్మాయే పెట్టింది. వెనక ఏడుపు సంగీతం కూడా కలిపింది. పొద్దున్నే మా గల్లీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. "మన సరితక్క ఎంత మంచిగ మాట్లాడింది!" అంటూ చప్పట్ల బొమ్మలు.

తనే పంపానన్న మాట కనకక్క మా ఏడుగురిలో తప్ప ఎక్కడా అనలేదు. ఇంట్లో అత్తకు చెప్పింది వేరు— వద్దంటున్నా వినకుండా డ్యూటీకి పోయాడని. ఆరేళ్లుగా అత్తాకోడళ్లు ఆ మాట మీదే కలిసి బతుకుతున్నారు. అయ్యో, ఏం చేశాను నేను...

నవంబర్ 13

కనకక్క పనికి రాలేదు. ఇంటికి పరిగెత్తాను. గడపలో నిలబడింది, లోపలికి రమ్మనలేదు. ఆ పిల్లతో మాట్లాడి వీడియో తీయించేశానక్కా అన్నాను.

"తీసేస్తే? మా అత్త చెవులకెల్లి పోతదా?"

వాళ్లు అడిగితే ఏదో నోరు జారానని నసిగాను.

"అడిగితే నీ మొగని సంగతి చెప్పకపోయినవ్. తాగొచ్చి నిన్ను కొట్టింది చెప్పకపోయినవ్. నాదే దొరికిందా నీకు?"

నిజమే. అక్కడ నాది ఒక్కటీ చెప్పలేదు.

వాళ్ల అత్త, మా అందరికీ అవ్వ, ఇంట్లో లేదు. పొద్దున్నే సంచి సర్దుకుని నస్పూర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట. కోడలిని ఒక్క మాట కూడా అనలేదట. "తిట్టినా బాగుండు" అని తలుపు వేసుకుంది కనకక్క.

నవంబర్ 14

పప్పులో ఉప్పెక్కువైంది. పప్పు కనకక్క చేసేది.

నవంబర్ 16, ఆదివారం

ఆరుగురం. ఫోన్లు గంజులో వేసి కూర్చున్నాం. ఎవరూ నోరు తెరవరు. చివరికి లచ్చక్క అంది— "ఇగ ఏం చెప్పుకుంటమే? రేపు నువ్వు ఏడ చెప్తవో ఏమో." ఏడ్చేశాను. ఎవరూ ఓదార్చలేదు. నేను వాళ్ల స్థానంలో ఉన్నా ఓదార్చేదాన్ని కాదు.

నవంబర్ 18

సార్ ఫోన్. చాలామందిని కదిలించిందట, హైదరాబాద్‌లో ఇంకోచోట మాట్లాడతారా అని అడుగుతున్నాడు. రానన్నాను. ఎందుకని అడిగితే జరిగింది చెప్పాను. "ఆమె ఒప్పుకున్నారనే అనుకున్నాం మేడం..." అని క్షమించమన్నాడు. ఆయనది కూడా తప్పే. కానీ కనకక్క కడుపులోని మాట ఆయనకేం తెలుసు? నాకు తెలుసు. నేను కదా చెప్పింది.

నవంబర్ 20

నస్పూర్ వెళ్లాను. అవ్వ క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కాళ్లు పట్టుకున్నాను.

"లే, లే. ఏంది గిది? నాకు నడుము నొస్తది, నిన్ను లేపలేను."

కనకక్కది తప్పు కాదవ్వా, ఆ రోజు ఎవరైనా అలాగే పంపేవాళ్లు... అంటుంటే చేయెత్తి ఆపింది.

"నాకు ఎరుక లేదా? ఆ పొద్దు నేను లోపల అర్రల పండుకొనే ఉన్న. అన్నీ ఇనవడ్డయి."

లేచి మంచం పట్టె మీద కూర్చున్నాను.

"వద్దంటే ఇనలేదత్తా అని ఏడ్సుకుంట చెప్పింది. ఔ బిడ్డా, వాడు ఎవ్వలి మాట ఇంటడు అన్న. ఇంకేమనాలె? అది బతకాలెనా వద్దా?"

మరి ఇల్లు విడిచి ఎందుకు వచ్చావని అడిగాను.

"వాడకట్టోళ్లు నిజమేనా అని అడుగవట్టిరి. ఔనంటే అది ఆగమైతది. కాదంటే ఎవలు నమ్ముతరు? దాని ముంగట ఉంటే నా మొఖం చూసి నాకు ఎరుకని పసిగడతది. అందుకే వచ్చిన."

ఈ ఒక్క మాట కనకక్కకు చెప్తే ప్రాణం లేచొస్తుందవ్వా, ఇవ్వాళే చెప్తానన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పకు. నాకు ముందుగాల్నే ఎరుకంటే, ఇన్నేండ్లు నా ముంగట ఎట్ల తిరిగిన్నో అని సిగ్గుతోని సస్తది. చెప్పాల్నంటే నేనే చెప్త. నువ్వు మాత్రం చెప్పకు. ఒట్టెయ్."

వేశాను. చిక్కుడుకాయలు ఇన్ని సంచిలో పోసి ఇచ్చింది.

నవంబర్ 21

అవ్వకు ఫోన్ చేశాను. ఎప్పుడు చెప్తావు? "చూద్దాం తియ్" అంటోంది.

నవంబర్ 23

కనకక్క వచ్చింది. వంటగది బయటే నిలబడింది. మనిషి సగమైపోయింది. నేను గరిటె పడేసి లేచాను.

"నస్పూర్ పోయినవంట."

పోయానన్నాను.

"మా అత్త ఏమన్నది?"

నాలుక చివర ఉంది మాట. ఆమె కళ్లు నా నోటి మీదే. ఆరేళ్ల నుంచీ నీ అత్తకు తెలుసు, తెలిసే నిన్ను బిడ్డా అంది— అంతే, ఒక్క ముక్క. చెప్తే బతుకుతుందో, చస్తుందో. అవ్వకే తెలియాలి.

"ఏమనలేదక్కా."

నేను ఏదో దాస్తున్నానని ఆమెకు తెలియదా, పదేళ్ల స్నేహం!

"నోరు మూసుకునుడు ఇప్పుడు నేర్చినవా, సరితా" అంది.

వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. పిలిచాను. ఆగలేదు.

నవంబర్ 24

మొదట చేసింది తప్పని తెలుసు. నిన్న చేసింది ఏమిటో తెలియడం లేదు. నస్పూర్‌కు పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తున్నాను... అవ్వ ఎత్తడం లేదు.