గంగన్న రాయని ఉత్తరాలు

రువి, మస్కట్
11 మార్చి 1977, శుక్రవారం

ఆఫీసు పని మీద సలాలాలో ఉన్న మీకు, ఇంటి నుంచి సీతాదేవి నమస్కారాలు.

మీ ఉత్తరం మంగళవారం అందింది. ఇక్కడ క్షేమం. నీళ్ళ ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తోంది. గ్యాసు నెలాఖరు దాకా సరిపోతుంది. మీరు అడిగినవి ఈ రెండూ. అడగనిది ఒకటి రాయాలి.

ఎప్పటిలాగే ఈ శుక్రవారం కూడా కంపెనీ మనుషులు ఉత్తరాలు రాయించుకోవడానికి వచ్చారు. అందరూ వెళ్ళాక లచ్చన్న మాత్రం కదలలేదు. తన ఉత్తరం అయిపోయినా ఇంకో ఎయిర్ లెటర్ తీసి బల్ల మీద పెట్టి, "గంగన్నది గూడ రాయున్రి అమ్మా" అన్నాడు.

గంగన్న పోయి మూడు నెలలు దాటింది. ఇబ్రా దగ్గర వాదీలో, ఆ ఎండు వాగులో, వరద వచ్చి పికప్పుతో సహా కొట్టుకుపోయాడన్న కబురు తెచ్చింది మీరే. చితికి నిప్పు పెట్టింది గంగన్న ఊరివాడే అయిన లచ్చన్న. గంగన్న తల్లి లస్మవ్వకు ఆఫీసు తంతి ఇవ్వబోతే లచ్చన్న మన గుమ్మంలో మీ కాళ్ళు పట్టుకున్నాడు. "ముసల్ది ఒక్కతే ఉంటది సార్. తంతి జూస్తే ఆడనే పడి సస్తది. నేను ఛుట్టీకి పోయి నోటితోని జెప్త" అన్నాడు. మీరు జాలిపడి ఆ కాగితం ఆపారు. అప్పటి నుంచి లేని కొడుకు పేరుతో నెలకొకటి చొప్పున మూడు ఉత్తరాలు రాశాను.

ఇంతవరకు మీకు తెలుసు. మీకు తెలియనిది వేరు. మొదటిది రాసేటప్పుడు మూడు కాగితాలు పాడుచేశాను. రెండోసారి ఒక్కటీ పాడవలేదు. మూడోసారి శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. నా నాలుగో ఏట అమ్మ పోయింది. అమ్మకు ఉత్తరం రాసే అవసరం నాకెన్నడూ రాలేదు. లస్మవ్వకు గంగన్ననై, అవ్వా అని రాస్తుంటే నా ప్రాణం హాయిగా ఉంది. ఒక మనిషి చావు మీద కూర్చుని నేను సంతోషపడుతున్నానని నిన్ననే తెలిసింది.

నిన్న వజీరున్నీసా గారింట్లో మా గురువారం పాఠం. హైదరాబాదులో కాలేజీలో చరిత్ర చెప్పిన మనిషి, ఇక్కడ డాక్టరుగారి భార్యగా ఊరికే కూర్చోలేక మా అయిదుగురికీ చెబుతున్నారని రాశాను కదా. ఈ నెల గ్రీకుల గురించి. ఆవిడ యూనాన్ అంటారు. కొండవాలున ఊరంతా కూర్చుని పొద్దుటి నుంచి నాటకాలు చూసేవారట. వేషగాళ్ళంతా మగవాళ్ళే. ముఖాలకు తొడుగులు.

"మా కూచిపూడి వాళ్ళలాగే" అంది మీ ఆఫీసు ఇంజనీరుగారి భార్య మంగళ.

"లాగే. కానీ ఒక సంగతి చూడండి" అన్నారు వజీరున్నీసా గారు. "ఆ ఊరి సభలో ఆడదానికి మాట లేదు. రాళ్ళు మోసి ఊరు కట్టిన గులాముకు లేదు. ఓడిపోయినవాళ్ళకు అసలే లేదు. నాటకంలోనో, వాళ్ళే గంటలు గంటలు మాట్లాడతారు. తాము ఓడించిన దుష్మన్ రాజు తల్లి ఏడుస్తుంటే ఆ మగాళ్ళంతా కూర్చుని విన్నారు. సభలో విననిది అక్కడ విన్నారు."

"అయితే మా ఆయనతో మాట్లాడేటప్పుడు నేనూ ఒక తొడుగు పెట్టుకుంటాను" అంది మంగళ.

"నీకెందుకమ్మా? నీ సొంత మొహానికే ఆయన భయపడతాడు" అన్నారావిడ.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మగవాళ్ళు ఆడదాని మొహం పెట్టుకున్నారు, నేను గంగన్న మొహం పెట్టుకున్నాను.

ఇవాళ లచ్చన్నతో ఈ నెల రాయనన్నాను. అతని సెలవు డిసెంబరుకు జరిగిందట. అంటే ఇంకా తొమ్మిది ఉత్తరాలు. ఏం చేయమంటారో రాయండి.

మీ
సీతాదేవి


రువి
1 ఏప్రిల్ 1977

మీకు నమస్కరించి రాస్తున్నాను.

డిసెంబరు దాకా ఎలాగో నడిపించమన్నారు. కాగితం ఆపింది మీరు గనుక, ఇప్పుడు బయటపడితే ఆఫీసులో మీ మాట పోతుందన్నారు. నిజమే. ఇరవై రెండేళ్ళలో మీ మాట కాదన్నది గుర్తు లేదు. ఈసారి కాదన్నాను. ముందు చేసేసి తర్వాత రాస్తున్నాను, అది నా తప్పు.

నాటకం పాఠం అయిపోయి, జ్ఞానుల పాఠం మొదలైంది. నాటకాలాడిన ఆ ఊళ్ళోనే ఒక జ్ఞాని, ఇంకొకరి గొంతు పెట్టుకుని మాట్లాడేవాళ్ళు మంచి ఊళ్ళో ఉండకూడదన్నాడట. అలవాటు పడితే సొంత గొంతు పోతుందని. అందరూ మాట్లాడవచ్చని గొప్పలు చెప్పుకున్న ఆ ఊరే, ప్రశ్నలడిగే ఇంకొక ముసలాయనకు ఓట్లు వేసి మరీ విషం ఇచ్చిందట. వాళ్ళ నాటకం చూసినా జ్ఞానం చూసినా ఆ ఊరు తనతో తానే తగువాడుతున్నట్టే ఉంటుందన్నారు వజీరున్నీసా గారు.

పాఠం అయ్యాక నేనొక్కదాన్నే ఆగి అడిగాను. "ఎవరిది సరి? ఆడినవాళ్ళదా, వద్దన్నాయనదా?"

"మీకెందుకు ఇంత రంది, ఇంత దిగులు?" అని నా మొహం చూశారు. ఎందుకో చెప్పలేదు. ఆవిడే అన్నారు. "కొండ మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ అది తొడుగని తెలుసు సీతాదేవి గారూ. తెలిసే ఏడ్చారు. చూసేవాళ్ళకు తెలియకపోతే అది నాటకం కాదు, దగా."

లస్మవ్వకు తెలియదు కదా. ఆ తర్వాత నాకు ఆలోచించడానికేమీ మిగల్లేదు.

లస్మవ్వకు నిజం రాసేస్తానని లచ్చన్నను పిలిపించి చెప్పాను. "మీకేంది అమ్మా, కాయిదం మీద రాస్తరు, ఆడ సచ్చేది ముసల్ది" అని విసురుగా వెళ్ళిపోయాడు. రెండు శుక్రవారాలు రాలేదు. మూడోసారి వచ్చి గుమ్మం బయటే నిలబడి, "మా దేవవ్వకు రాయున్రి. అది పోయి ముసల్దాని పక్కకు కూసుంటది. గప్పుడు బడిపంతులుతోని సదివియ్యాలె" అన్నాడు. దేవవ్వ అతని భార్య. అలాగే రాశాను. చావు ఎలా జరిగిందో, ఎవరు నిప్పు పెట్టారో, తర్వాతి మూడు ఉత్తరాలు ఎవరు రాశారో, అన్నీ. కింద నా పేరు పెట్టాను. మీ పేరు ఎక్కడా రాయలేదు.

కోపం వస్తే కోపంగానే రాయండి. రాయకుండా మాత్రం ఉండకండి.

మీ
సీతాదేవి


రువి
12 జూన్ 1977

మీకు సీతాదేవి నమస్కారాలు.

మీరు నెలన్నర రాయలేదు. మొన్న మంగళ వాళ్ళాయన ద్వారా తెలిసింది, ఆపిన కాగితం ఇక పంపమని, ఆపింది మీరేనని ఆఫీసుకు మీరే రాశారట. నాతో ఆ సంగతి చెప్పకపోయినా ఫరవాలేదు. నేను విన్నాను.

లస్మవ్వ జవాబు వచ్చింది. పంతులు ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు. కొంత ఎత్తి రాస్తున్నాను.

"అమ్మా, నీ జాబు ముట్టింది. దేవవ్వ పక్కకే ఉన్నది. ఏడ్సుడు అయింది. దినాలు జేసినం. నిన్ను తిట్టిన, మల్ల ఊకున్న. ఒకటి అడుగుత. మోకాలు నొప్పి తగ్గిందా అవ్వా అని ఒక జాబుల రాసి ఉండె. అది వట్టుకోని వాడకట్టంత తిరిగిన. పుట్టినకాడికెల్లి నా నొప్పి అడగనోడు, దేశం బోయినంక అడిగిండు, పోరనికి బుద్ధొచ్చిందని అందరికి జెప్పుకున్న. గది నా కొడుకు మాటనా, నీ మాటనా? నిజం జెప్పు."

నాలుగు రోజులు కలం పట్టలేదు. అది గంగన్న మాటే, చనిపోయే ముందు నాతో అన్నాడని రాస్తే ఎవరికీ తెలియదు. ఆ తల్లికి ఆ కొడుకు మిగిలేవాడు. లచ్చన్న నోట ఆమె మోకాలి సంగతి విని, తగ్గిందా అవ్వా అని రాసింది నేనే. ఆమె చెయ్యి పట్టుకుని వాడంతా తిప్పిందీ నేనే.

బ్రతికుండగా గంగన్న నాతో రాయించినవి అయిదు. వాటి నకళ్ళు నా పుస్తకంలో ఉన్నాయి. అయిదూ చదివాను. మోకాలు ఎక్కడా లేదు. నేను మంచిగున్న, రంది వెట్టుకోకు, అంతే. వరుసలో తగువులు రాకుండా ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్ళారో పక్కన వేసుకుంటాను. ఆ అంకెలు చూసి ఆగిపోయాను. ఆమెకు ఇలా రాశాను:

"లస్మవ్వా, మోకాలి మాట నాది. నీ కొడుకు అడగలేదు. నీ కొడుకు ఉత్తరం పది నిమిషాల్లో అయిపోయేది. ఇంకేం రాయాలి గంగన్నా అంటే, ఇంకేం లేదమ్మా అనేవాడు. కానీ లేచేవాడు కాదు. అయిదు సార్లూ, నలభై నిమిషాలకు తక్కువ కాకుండా, గుమ్మం దగ్గర కూర్చుని ఆ కాగితం వైపే చూస్తుండేవాడు. ఆ చూపులో మాట లేదని అప్పుడు నేను రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను."

లచ్చన్నకు చదివి వినిపించాను. "గట్లనే పోనియున్రి" అని తనే తీసుకెళ్ళి పోస్టు చేశాడు.

మీ
సీతాదేవి