యాసిడ్, బ్లీచింగ్ కలపొద్దు

అమ్మకు, ఇక్కడ నేను కులాసా.

ఈ ఆదివారం బాత్రూమ్ కడగొద్దు. బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ కలిపితే మురికి తొందరగా వదులుతుందంటావు కదా, కలిపినప్పుడల్లా నీకు అంత దగ్గెందుకొస్తుందని ఇవాళ కెమిస్ట్రీ సారును అడిగాను. క్లాసంతా నవ్వింది. సారు మాత్రం సుద్దముక్క కింద పెట్టేసి, "అది విషవాయువమ్మా. తలుపేసుకుని కడుగుతారా?" అన్నారు. చెల్లి లోపలికి రాకుండా నువ్వు గడియ కూడా పెట్టుకుంటావు. బెల్లు కొట్టగానే వచ్చి ఈ కార్డు రాస్తున్నాను. ఆ రెండూ ఇంకెప్పుడూ కలపకు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నా స్వెట్టర్ పంపు. చెల్లికి ముద్దులు.

నీ పెద్దది

పోస్టుమాన్ బాబాయ్, మా కార్డులన్నీ నువ్వు చదువుతావని నాకు తెలుసు. దీన్ని తలుపు సందులో పడేసి వెళ్లకు. అమ్మను పిలిచి, గట్టిగా చదివి వినిపించు.