బేస్‌మెంట్‌లో భోగి

బెన్నింగ్టన్, వెర్మాంట్
జనవరి 18, 2026

ప్రియమైన నిశాంత్‌కి,

ఇక్కడ నేనూ, బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే మన కట్టెల పొయ్యీ క్షేమం. అక్కడ హైదరాబాద్‌లో నువ్వు, అత్తయ్య, మామయ్య బాగున్నారని తలుస్తాను.

నీ వీసా స్టాంపింగ్ డేట్ వాయిదా పడి నువ్వు అక్కడే చిక్కుకుపోయినప్పటి నుంచి నీది ఒకటే పాట. ఇల్లు అమ్మేయాలట, నేను జెర్సీ సిటీలో మీ చెల్లి మీనా వాళ్ళింటికి వెళ్ళిపోవాలట. చలికాలమంతా ఒక్కదాన్నే ఆ పొయ్యితో వేగలేనని నీ భయం. నువ్వు మాట్లాడిన ఏజెంట్ పోయిన వారం వచ్చి ఇంటి ముందు మంచులో అమ్మకం బోర్డు గుచ్చి వెళ్ళాడు. ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఈమెయిల్ రాస్తున్నాను.

పొయ్యి మొదట్లో ఏడిపించిన మాట నిజమే. నువ్వు వీడియోలో చూపించినట్టే చేసినా పొగ కక్కేది తప్ప అంటుకునేది కాదు. మంచుకు తడిసిన కట్టెలు పెడుతున్నానని తర్వాత తెలిసింది. ఇప్పుడు ముందే లోపలికి తెచ్చి ఆరబెడుతున్నాను. పొద్దున బూడిద తీసి, పెద్ద మొద్దు పెట్టి, పొయ్యిలోకి వెళ్ళే గాలి తగ్గించి హాస్పిటల్ ల్యాబ్‌కి వెళ్తే, వచ్చేసరికి ఇంకా నిప్పులు ఉంటున్నాయి. వేడి మన బెడ్‌రూమ్‌ దాకా రాదు, అందుకని పరుపు హాల్లోకి లాగాను. ఇడ్లీ పిండి బేస్‌మెంట్ మెట్ల మీద పెడితే, పొంగి గిన్నె దాటి మెట్లు దిగింది. ఈ ఊళ్ళో పిండి పులవదని ఏడ్చింది నేనేనా అనిపించింది.

భోగి నాడు పెందలాడే లేచి తలంటుకున్నాను. అక్కర్లేని చెక్క ఏదో ఒకటి మంటలో వేయాలి కదా. బయట మోకాలి లోతు మంచు, అందుకని మన పొయ్యిలోనే వేశాను. రంగు వేసిన కర్ర, బాగా పొడుగు. సగం లోపల, సగం బయట, పొయ్యి తలుపు పడలేదు. ఇల్లంతా పొగ, కమురు కంపు, అలారాలన్నీ ఒకేసారి అందుకున్నాయి. పక్కింటి డోరిస్ పైజమా మీద కోటు వేసుకుని పరుగెత్తుకొచ్చింది. కర్ర లాగి బయట మంచులో పడేసి, కిటికీలు తెరిచి, రంగు కర్ర పొయ్యిలో ఎవరైనా పెడతారా అని కోప్పడింది. మా పండగ అన్నాను. పండగైతే పెరట్లో చేసుకోమంది.

చాలా భయపడ్డాను, దాచను. కానీ కిటికీలు మూసి పొయ్యి మళ్ళీ రాజేసింది నేనే. మీనా వాళ్ళింటికి వెళ్ళను.

అత్తయ్యకి, మామయ్యకి నా నమస్కారాలు చెప్పు.

నీ
దేదీప్య

తా.క.: ఆ కర్ర ఏమిటని నువ్వు ఎలాగూ అడుగుతావు. ఏజెంట్ గుచ్చి వెళ్ళిన బోర్డు కర్రే. మిగిలిన సగం ఆ సాయంత్రం పెరట్లో తగలబెట్టాం, అగ్గిపెట్టె డోరిస్ తెచ్చింది. నువ్వు తిరిగి వస్తావన్న నమ్మకం పోయినవాళ్ళు కదా ఇల్లు అమ్ముకోవాల్సింది, నాకు పోలేదు. ఇంకో బోర్డు పెట్టించావంటే, ఈసారి ముందే ముక్కలుగా కోస్తాను.