గొయ్యి దూకించిన వేలు

చిట్టితల్లికి,

మీ అమ్మ కుడి బొటనవేలు పనిచేస్తోందే! నిన్న నీ పాత వీడియోగేమ్‌లో మన బుడ్డోడిని గోతి మీంచి దూకించింది! ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట ఈసారి గుండెల నిండుగా రాస్తున్నాను. నువ్వూ కులాసా అని తలుస్తాను.

అక్కడ నువ్వు కొన్న ఇలాంటి ఆటపెట్టెనే కొత్త టీవీకి కలపడానికి ఏ కన్వర్టర్ కొనాలని అడిగావు. అదో పెద్ద కథ. ఇక్కడి నీ పాతపెట్టె కోసం మొదట నేను తెచ్చింది తిరగేసిన రకం, కొత్త వాటిని పాత టీవీకి కలిపేది. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. రెండోసారి చవకది తెచ్చాను. బొమ్మ పక్కలకు సాగిపోయి బుడ్డోడు బస్తాలా లావెక్కాడు. అయినా ఆటలోని ఆ పాట మోగగానే ఇల్లంతా నీ బడి సెలవుల్లోకి వెళ్లిపోయింది తల్లీ! నువ్వూ అమ్మా చాప మీద మోకాళ్లు ఆనించుకుని కూర్చునేవారు. నేను పని నుంచి వచ్చి "అన్నం పెట్టేవాళ్లున్నారా?" అంటే, "ఈ గొయ్యి దాటనివ్వండి" అనేది అమ్మ.

ఇప్పుడు చెబుతున్నాను, కోప్పడకు. అమ్మ బాగా కోలుకుంటోందని పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం. పక్షవాతం తర్వాత డాక్టరు పిసకమన్న రబ్బరు బంతిని విసిరికొట్టింది. ఆటతోనైనా చెయ్యి కదుపుతుందనుకుంటే, ప్రతిసారీ బుడ్డోడు గోతిలోనే. "ఇది చచ్చిన చెయ్యండీ, తీసెయ్యండి అదంతా" అని పడుకుంది. నేనూ నమ్మేశాను.

వైర్లు పీకబోతూ ఊరికే నేనూ నొక్కాను. పడ్డాను. మళ్లీ పడ్డాను. అమ్మ ఇటు తిరిగింది.

"మీ వేలికేం రోగం?"

"నాకు ఆట రాదుగా!"

"రాకపోవడం కాదు. మీరు నొక్కాక వాడు తీరిగ్గా ఆలోచించుకుని ఎగురుతున్నాడు. జబ్బు ఆ డబ్బాదండీ, నా చేతిది కాదు!"

లేచి కూర్చుంది!

చవక రకం బొమ్మను మార్చడానికి ఆలస్యం చేస్తుందని షాపతనూ ఒప్పుకున్నాడు. పాత ఆటల కోసమే చేసింది ఇచ్చి, టీవీలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ పెట్టమన్నాడు. నువ్వూ అదే కొను. బొమ్మకు రెండు పక్కలా నల్లగా ఉంటే కంగారుపడకు, సరైన కొలత అదే.

నిన్న ఆ కొత్తదానితో బుడ్డోడిని దూకించగానే అమ్మ "చూశారా?" అంది. కళ్లద్దాలు తడిసి నాకేమీ కనబడలేదు, చూశానన్నాను. ఇవాళ దువ్వెన లాక్కుంది. ఇన్నాళ్లూ నేను వేసింది జడ కాదట, మోకుతాడట!

ఇట్లు,
ఒళ్లు తెలియని సంతోషంలో ఉన్న
మీ నాన్న

వెంటనే చెప్పవలసినవాళ్లు: పెద్దత్తయ్య (గట్టిగా అరిచి చెప్పు), ఆటపెట్టెను పాతసామాన్లవాడికి వేసెయ్యమన్న చిన్నమామయ్య (రెండుసార్లు చెప్పు), బాబాయి, మీ అత్తగారు. పిన్నికి ఆఖర్న, లేకపోతే మనకి చెప్పడానికి ఎవరూ మిగలరు. అమ్మమ్మకి మాత్రం నువ్వు చెప్పకు. ఫోన్ కుడిచేత్తో పట్టుకుని అమ్మే చెబుతుందట.