బానెట్ తట్టాక కాసేపు ఆగు

అమ్మలూ,

మీ అమ్మ పోయిన రోజు కారు షెడ్డులో పెట్టి తాళం వేశాను. మూడు వారాల్లో ఎలుకలు అందులో కాపురం పెట్టేశాయి. మొన్న మెకానిక్ వచ్చి, కొరికిన వైర్లు మార్చి, ఇంజన్ మీది గూడు తీసి పారేశాడు.

డ్యూటీ నుంచి రాగానే బానెట్ ఎత్తి ఉంచు. వెలుతురుంటే అవి దూరవట. సీట్ల కింద బిస్కెట్ పొడి ఉంది, ఊడ్చెయ్యి. ఇనుప మెష్ కత్తిరించి మెట్ల కింద పెట్టాను. ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం మూతికి కట్టు. రెండు రోజులకోసారి ఇంజన్ స్టార్ట్ చెయ్యాలట. "కారు మీరు తియ్యకపోతే అవే తీస్తాయి మాస్టారూ" అని మెకానిక్ నవ్వాడు.

స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద మూడుసార్లు తట్టి, కాసేపు ఆగు. మీ అమ్మ అలాగే తట్టి, లోపలి ఎలుకలతో "దిగండర్రా, మీ స్టాపొచ్చింది" అనేది. పక్కింటివాళ్లు వింటారని నేను విసుక్కునేవాణ్ణి. ఈ ఉదయం నేనూ తట్టాను. షెడ్డులోకి ఎండ పొడవుగా పడింది. అందులో దుమ్ము మెల్లగా తేలుతోంది. చక్రం పక్క నుంచి ఒక చిట్టెలుక దిగి, నన్ను కాసేపు చూసి, ఏ తొందరా లేనట్టు గోడ వెంట వెళ్లిపోయింది. అది వెళ్లాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంకెవరో దిగాల్సి ఉన్నట్టు అనిపించింది.

బడికి టైమైంది. బస్సులో వెళ్తున్నాను.

తాళంచెవి ఈ చీటీ కిందే ఉంది. మొన్నటి నుంచి ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు.