పెద్ద క్లబ్బులు విడిపోతామన్న సోమవారం

మచిలీపట్నం కాపురస్తుడు, మర్హూం (కీ.శే.) మస్తాన్ సాహెబ్ కుమారుడు, దర్జీ పని చేసే షేక్ కాలేషా అను నేను, డెబ్భై ఒకటో ఏట, ఒంట్లో షుగరు ఉన్నా మతిలో ఏ లోపమూ లేకుండా, ఒకరు చెప్పగా కాక నాకు నేనుగా రాయించుకున్న వీలునామా. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అబ్బాయి సుహైల్‌ది.

1. ఇల్లు, కోనేరు సెంటరు దగ్గరి కొట్టు షరియత్ వాటాల ప్రకారం వారసులకు చెందుతాయి. వాటి జోలికి నేను పోవడం లేదు. కింద రాసినవన్నీ కొట్టులోవి, బీరువాలోవి. ఇందుకు వారసులందరూ సమ్మతించారు.

2. నా కుట్టు మిషను మనవరాలు అఫ్రీన్‌కు. తొక్కుతుంటే అది కీచుమంటుంది. ఆ చప్పుడు ఆగితే చాలు, మీ దాదీ ఆబిదా వంటింట్లోంచి టీ తెచ్చేది. అందుకే దానికి నూనె వెయ్యలేదు. నువ్వు వేసుకో తల్లీ.

3. పెద్ద కత్తెర మా తమ్ముడి కొడుకు అర్బాజ్‌కు. అడగకుండా పట్టుకెళ్ళి, అట్టలు కత్తిరించి, మొండి చేసి తెచ్చాడు. పదహారేళ్ళయినా నేను మర్చిపోలేదు. ఇప్పుడు నేనే ఇస్తున్నాను, సాన పట్టించుకోమనండి.

4. బీరువా పై అరలో ఉన్న ఎర్ర జెర్సీ గుడ్లవల్లేరు వర్షిణికి. ఆ అమ్మాయి మా గోవర్ధనరావు గారి కూతురు. జెర్సీ ఎందుకిస్తున్నానో చెప్పాలి.

గోవర్ధనరావు గారు పెద్ద రైతు. 1998లో చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చి, కొట్టులో టీవీలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్పు చూస్తూ మూడు గంటలు కూర్చున్నారు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ప్రతి శనివారం నేను ఆట చూడడానికి బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. ఇంగ్లండులో ఒక రేవు ఊరి క్లబ్బు మాది. మా బందరూ రేవే కదా అని దాన్ని పట్టుకున్నాం. దాని పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఇద్దరికీ ఒకే తానులోంచి రెండు జెర్సీలు కుట్టాను. ఆయన నన్ను బావా అనేవారు, నేను బావగారూ అనేవాణ్ణి. బావగారి అత్తగారు మొదట్లో మొహం చిట్లించినా, తర్వాత ఆవిడే స్కోరు అడిగేది.

2021 ఏప్రిల్ 19, సోమవారం. కొట్టు తీస్తుంటే సుహైల్ ఫోనులో వార్త చూపించాడు. యూరప్‌లోని పన్నెండు పెద్ద క్లబ్బులు విడిపోయి సొంత లీగు పెట్టుకుంటాయట. అందులో వాళ్ళ చోటు శాశ్వతం, ఎంత ఓడినా వాళ్ళను తీసేసేది లేదు. మా క్లబ్బూ అందులో ఉంది. కొట్టు మూసి గుడ్లవల్లేరు బస్సెక్కాను.

రంజాను నెల. నేను రోజాలో ఉన్నానని బావగారు తన కాఫీ కూడా లోపలికి పంపేశారు. కానీ మాట మాత్రం కలవలేదు.

"పెద్దోళ్ళు పెద్దోళ్ళతో ఆడితే తప్పేంటి బావా? ప్రతి వారం పెద్ద మ్యాచే చూస్తాం" అన్నారు.

"చిన్న ఊరి జట్టు ఎప్పటికైనా పైకొస్తుందనేగా జనం చూసేది! ఆ దారి మూసేశాక ఇంకేం ఆట బావగారూ?" అన్నాను.

మాట మీద మాట పెరిగింది. చివరికి నేనన్నాను: "మీకు అరవై ఎకరాలుంది. చిన్నోళ్ళు మీకెప్పుడు కనబడ్డారు గనక!"

"ఇక చాల్లే కాలేషా" అన్నారాయన. ఇరవై రెండేళ్ళలో పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నేను లేచి వచ్చేశాను.

మర్నాడు లండన్‌లో అభిమానులు రోడ్డు మీద బైఠాయించారు. బుధవారానికల్లా ఇంగ్లండు క్లబ్బులు ఆరూ వెనక్కి తగ్గాయి. నేను చెప్పిందే నెగ్గింది. ఫోను చేతిలోకి తీసుకుని, ఆయనే చేస్తారులే అని పెట్టేశాను. ఆ శనివారం వెళ్ళలేదు. పై శనివారమూ వెళ్ళలేదు. మే నెల మొదట్లో ఆయనకు కరోనా సోకి బెజవాడ ఆసుపత్రిలో చేరారు. రంజాను పండగ మూడు రోజుల్లో ఉందనగా పోయారు. కర్ఫ్యూ. బస్సుల్లేవు. ఆ జెర్సీ వేసుకుని మా వరండాలో కూర్చున్నాను.

5. కొత్తగా కుట్టి ఉంచిన పదకొండు చొక్కాలు నాగాయలంక ఆడపిల్లల జట్టుకు. ఇంగ్లండు ఆట చూడడం మానేశాక వీళ్ళ ఆటే చూస్తున్నాను. పోయినేడాది తొమ్మిది గోల్సు తేడాతో ఓడి, ఐస్‌క్రీములు తిని, వ్యాను ఎక్కి పాటలు పాడుకుంటూ వెళ్ళారు. నంబర్లు ఇంకా వెయ్యలేదు. ఎవరికి ఏది కావాలో సుహైల్ వాళ్ళనే అడగాలి.

6. గోవర్ధనరావు గారి భార్య సీతామహాలక్ష్మి గారికి ఏమివ్వాలో నాకు తెలియలేదు. నాలుగేళ్ళు మొహం చెల్లక ఆ ఇంటి గడప తొక్కలేదు. ఈ ఆగస్టులో వెళ్ళాను. తలుపు తీసి, "ఇన్నాళ్ళా అన్నయ్యగారూ!" అన్నారు. తిట్టలేదు, తిడితే బాగుండేది. కాసేపటికి చెప్పారు: క్లబ్బులు వెనక్కి తగ్గాయని తెలియగానే బావగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారట. "మా బావ నెగ్గాడే! శనివారం వస్తాడు, ఉప్మా చెయ్యి" అన్నారట. ఆ శనివారం వీధి తలుపు వెయ్యనివ్వలేదట. నా చేతి కుట్టుతో ఉన్న పట్టు శాలువా ఆవిడకు. శాలువా చాలదని నాకూ తెలుసు.

7. పోయినవాళ్ళ పేరిట ఏమీ రాయకూడదని దస్తావేజు రాసే ఆయన చెప్పారు. అయినా రాయమన్నాను. గోవర్ధనరావు గారికి: ఆ రోజు అరవై ఎకరాలంటూ నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అబద్ధం కూడా. ఆయనకు నేను ఎప్పుడూ కనబడుతూనే ఉన్నాను. ఆట గురించి అన్నది మాత్రం వెనక్కి తీసుకోను. ఆయనా ఊరుకోరు, వాదనకి దిగుతారు. దిగితే బాగుండు.

చదివించుకుని విని, నా సొంత చేత్తో సంతకం చేశాను.

మచిలీపట్నం, 2025 నవంబరు 22, శనివారం.

(సంతకం) షేక్ కాలేషా

సాక్షులు:
శామ్యూల్ రాజ్, రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు, నాగాయలంక
మధుసూదనరావు, బట్టల కొట్టు, మచిలీపట్నం