రెండు ఎడమ చేతులు

అక్కా,

బావగారి కోటు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. తప్పు నాదే. కోటు చేతులు రెండూ ఎడమవే కత్తిరించాను. గుడ్డ మీద కాగితం అచ్చు బోర్లించి వేస్తేనే కుడిచెయ్యి వస్తుందని నాకు తెలుసు. తెలియడం వేరు, కంటికి కనపడటం వేరు.

నాకు పని నేర్పే టైలరమ్మ గుడ్డ చూసి నిట్టూర్చింది. "గుడ్డ మీకు మనసులో తిరగట్లేదండీ. ముందు చేత్తో తిప్పి చూసుకోండి. ఇంకోసారి ఇలా చేస్తే గుండీలు కుట్టడమే మీ పని" అంది.

ఆ రోజు నుంచి పాత పేపర్లతో బొమ్మ చొక్కాలు కోసి, అతికించి, తిప్పి తిప్పి చూశాను. నలభై ఏడేళ్లకి బొమ్మలాటేమిటని మా ఆయన ఒకటే నవ్వు. నెల తిరిగేసరికి కాగితంతో పని లేకపోయింది. ఇప్పుడు బల్ల మీద గుడ్డ పరిస్తే చాలు, అది లేచి మనిషిలా నిలబడుతుంది. చంకలో ఎక్కడ పట్టేస్తుందో కుట్టకముందే తెలిసిపోతోంది. నిన్న టైలరమ్మ ఎవరిదో ఖరీదైన గుడ్డ నా ముందు పెట్టి, కత్తెర చేతికిచ్చి, తను టీ తాగడానికి వెళ్లిపోయింది.

కోటు ఆదివారం నేనే తెస్తాను. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ దారి తప్పి ఏడుస్తుంటే నువ్వే వెతుక్కుంటూ వచ్చేదానివి. ఈసారి స్టేషనుకి ఎవరినీ పంపకు. మీ వీధులన్నీ మనసులో తిప్పి చూసుకున్నాను.

పదకొండు దాటినా రాకపోతే మాత్రం, బావగారిని ఎడమవైపు వీధిలో వెతకమను.

నీ చెల్లి